అడిగేదెవరు, చెప్పేదెవరు?

1

గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న ఎస్. రాయవరంలో పుట్టాడు. అప్పుడది విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు 1897లో ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికను మన విమర్శకులు ఎక్కువగా వాడుక భాష వాదం కోసమే తిరగేశారు. ఆ పీఠికలో ఒక సర్వే కూడా వుంది. దాని మీద చర్చ జరగవలసినంతగా జరగలేదు.

పదేళ్ళ కిందట విజయనగరం మహారాజు ఆనందగజపతి ఒక జాబితా తయారు చేయించాడు. విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళ కాలంలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళెన్ని? లెక్క 1034కు తేలింది. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలన్నీ ఇచ్చి, ఈ జాబితా సమగ్రం కాదని గురజాడ వెంటనే ఒప్పుకుంటాడు. డబ్బు పుచ్చుకున్నామని చెప్పుకోటానికి ఎవరికీ ఇష్టం వుండదు గనక, అసలు సంఖ్య ఇంతకు మించే వుండాలని సూచిస్తాడు.

అంటే ఇది జవాబు చెప్పేవాడికి దాచుకోవలసిన అవసరం వున్న సర్వే. చెప్పినందువల్ల అతనికి నష్టమే తప్ప లాభం లేదు. అందుచేత అందులో ఒప్పుకున్న ప్రతి పెళ్ళీ నమ్మదగిందే. లోపమంతా చెప్పకుండా వుండిపోయిన వాటిలోనే వుంటుంది.

ఈ రోజున మన కళ్ళముందు ఇందుకు సరిగ్గా తలకిందులైన సర్వేలు నడుస్తున్నాయి. అవి కంపెనీల సామాజిక బాధ్యతను కొలిచే సర్వేలు. మీరు పర్యావరణానికి ఏం చేశారు, కార్మికుల భద్రతకు ఏం చేశారు, చుట్టుపక్కల ఊళ్ళకు ఏం చేశారు, మీ పాలకమండలి ఎంత నిజాయితీగా నడుస్తోంది అంటూ వందల ప్రశ్నలతో ఫారాలు వస్తాయి. కంపెనీలు వాటిని పారెయ్యవు. ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టి, కన్సల్టెంట్లకు డబ్బిచ్చి, గడువులోగా నింపి పంపుతాయి. వీటిలో చాలావాటికి జవాబివ్వమని నిర్బంధించే చట్టమేదీ లేదు. మరి ఎందుకు పాల్గొంటాయి? సర్వే అంటే భయపడవలసినవాడు సర్వేకోసం ఎందుకు ఎదురుచూస్తాడు?

ఈ ప్రశ్న సాహిత్య పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన కాలంలో అత్యంత ఖరీదుతో తయారవుతున్న వచనం ఈ బాధ్యతా నివేదికల వచనమే. అందులో కథ వుంది, నాయకుడున్నాడు, బొమ్మలున్నాయి, నవ్వే పల్లెటూరి పిల్లలున్నారు. సాహిత్యం చదువుకున్న మన విద్యార్థుల్లో కొందరు రేపు బతుకుతెరువు కోసం ఈ వచనమే రాయవలసి వస్తుంది. సమాజం తనను గురించి తాను ఏమనుకోవాలో నేర్పే రచన ఏదైనా విమర్శ పరిధిలోకి వస్తుంది.

2

ముందు అడిగేవాళ్ళెవరో చూద్దాం. 1997లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన గ్లోబల్ రిపోర్టింగ్ ఇనీషియేటివ్ నివేదికలకొక నమూనా తయారు చేసింది. 1999లో డౌ జోన్స్ సంస్థ బాధ్యత గల కంపెనీల షేర్లకంటూ ఒక సూచీ పెట్టింది. 2000లో పుట్టిన కార్బన్ డిస్‌క్లోజర్ ప్రాజెక్టు మదుపుదార్ల తరఫున కంపెనీలకు ప్రశ్నపత్రాలు పంపటం ప్రారంభించింది. 2007లో పారిస్‌లో పుట్టిన ఎకోవాడిస్, పెద్ద కంపెనీలకు సరుకు అందించే చిన్న కంపెనీలకు మార్కులు వెయ్యటమే వ్యాపారంగా పెట్టుకుంది. మన దేశంలో సెబీ 2012లో మొదటి వంద లిస్టెడ్ కంపెనీలనుంచి బాధ్యతా నివేదిక అడిగింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు మరింత వివరమైన ఫారం నింపటం తప్పనిసరి అయింది.

ఈ వరసలో కార్మికుడు అడిగిన సర్వే లేదు. బెస్తవాడు అడిగింది లేదు. అడిగేవాడు మదుపుదారు, లేదా కొనుగోలుదారు, లేదా మదుపుదార్లను కాపాడే ప్రభుత్వ సంస్థ. ఫ్యాక్టరీ పొగ పీల్చేవాడికి ఏం తెలియాలన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఈ కంపెనీలో డబ్బు పెడితే రేపు ఏదైనా గొడవ వచ్చి మునిగిపోతుందా అన్నది ప్రశ్న. రెండింటికీ కొంత సంబంధం వుంది, కాని రెండూ ఒకటి కావు.

ఇక కంపెనీలు జవాబివ్వటానికి కారణాలు. మొదటిది, మౌనానికి ఖరీదుంది. మీరు ఫారం నింపకపోయినా డౌ జోన్స్ సూచీకి మార్కులు వేసేవాళ్ళు బహిరంగంగా దొరికే కాయితాలను బట్టి మీకు మార్కులు వెయ్యగలరు. పక్క కంపెనీ జవాబిచ్చి, మీరు ఇవ్వకపోతే, మీరేదో దాస్తున్నారనుకుంటారు. అందుచేత ఒకడు మొదలుపెడితే తక్కినవాళ్ళకు తప్పదు.

రెండోది, కొనుగోలుదారు. విదేశాలకు మందులో బట్టలో పంపే కంపెనీకి ఆ ప్రశ్నపత్రం ఆర్డరుతో పాటే వస్తుంది. మార్కులు తక్కువైతే ఆర్డరు పోతుంది. ఇక్కడ బాధ్యత అనేది సరుకు నాణ్యత లాగా, గడువులోగా సరఫరా లాగా, బేరంలో ఒక షరతు.

మూడోది, చట్టాన్ని దూరంగా వుంచటం. దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ వుంది. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. 1985లో కెనడా రసాయన కంపెనీల సంఘం 'రెస్పాన్సిబుల్ కేర్' అనే స్వచ్ఛంద నియమావళి మొదలుపెట్టింది. 1988లో అమెరికన్ కంపెనీలు అందుకున్నాయి. మా ఇల్లు మేమే చక్కదిద్దుకుంటాం, మీరు కఠినమైన చట్టాలు చెయ్యనక్కర్లేదని దాని భావం. కింగ్, లెనాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో అమెరికా రసాయన కంపెనీల లెక్కలు తీసి చూశారు. నియమావళిలో చేరిన కంపెనీలు కాలుష్యం తగ్గించుకోటంలో చేరనివాటికంటే నెమ్మదిగా వున్నాయని తేలింది. చేరటమే ఒక రక్షణ అయినప్పుడు, చేరిన తరవాత చెయ్యవలసిన పని మీద శ్రద్ధ తగ్గటంలో ఆశ్చర్యం లేదు.

నాలుగో కారణం కంపెనీ లోపల వుంది. ఒకసారి బాధ్యతా విభాగం పుట్టాక దాని బతుకు ఆ మార్కుల మీద ఆధారపడుతుంది. అయిదోది, నిజంగా మంచి చెయ్యాలనుకునే మనుషులు కంపెనీల్లో లేకపోలేదు. యాజమాన్యంతో వాదించేటప్పుడు ఈ మార్కులు వాళ్ళ చేతికొక కర్ర. ఈ అయిదో కారణాన్ని కొట్టిపారెయ్యటం అన్యాయం. అయితే తక్కిన నాలుగూ వున్నంతకాలం అయిదోదానికి విలువ. ఆ కర్రకు బలం వ్యాపారం ఇచ్చిందే.

దీన్నిబట్టి మొదటి ప్రశ్నకు జవాబు తేలుతోంది. కన్యాశుల్కం జాబితాలో జవాబు చెప్పటం నష్టం. ఈ సర్వేల్లో జవాబు చెప్పటం పెట్టుబడి. పెట్టుబడి అన్నాక ప్రతిఫలం వుంటుంది. ప్రతిఫలంకోసం ఇచ్చే వాఙ్మూలాన్ని మనం ఏ రకమైన రచనగా చదవాలి?

3

దీనికి తెలుగుదేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ వుంది. 1987లో హైదరాబాదులో మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గాను గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ అవార్డు ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి లెక్కలు బోగస్ అని ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో చూపించిన 5361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5040 కోట్లు అసలు లేవు. ఆడిటర్లు సంవత్సరాల తరబడి సంతకాలు పెట్టారు. అవార్డు ఇచ్చినవాళ్ళు దాన్ని రద్దు చేశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలు మీద మరుసటి నెలలోనే ఆ శిక్ష అమలు ఆగి, బెయిలు వచ్చింది.

ఈ కథను 'దొంగకు బహుమతి ఇచ్చారు' అని నవ్వి వదిలెయ్యటం తేలిక. కాని అందులో మరొక సంగతి వుంది. అదే రాజు 2005లో 108 అంబులెన్సు సేవను ప్రారంభించాడు. ఆ అంబులెన్సు బూటకం కాదు. రోడ్డు మీద పడివున్నవాళ్ళను, పురిటి నొప్పులు పడుతున్నవాళ్ళను నిజంగానే ఆస్పత్రికి చేర్చింది. లక్షలమంది ఇప్పటికీ ఆ అంకె గుర్తుపెట్టుకుని బతుకుతున్నారు. ఒకే చెయ్యి బోగస్ రశీదులూ సృష్టించింది, ప్రాణాలు కాపాడే వ్యవస్థా నిర్మించింది. బాధ్యతా సర్వే రెండో పనిని చక్కగా చూడగలదు, ఎందుకంటే కంపెనీ దాన్ని చూపిస్తుంది. మొదటి పనిని చూడలేదు, ఎందుకంటే కంపెనీ దాన్ని చూపించదు. సర్వే చెయ్యగలిగిందల్లా చూపించిందాన్ని కొలవటమే.

ఇది తెలుగువాళ్ళ ప్రత్యేకత ఏమీ కాదు. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సూచీ ఫోక్స్‌వాగన్‌ను మోటారు పరిశ్రమలో అగ్రగామిగా ప్రకటించింది. అదే నెలలో, పొగ పరీక్షల్ని మోసం చేసే సాఫ్ట్‌వేరు ఆ కార్లలో వున్నదని అమెరికా ప్రభుత్వం బయటపెట్టింది. తరవాతి నెలలో సూచీనుంచి తీసేశారు. ఇంతకంటే ఘోరం కరాచీలో జరిగింది. 2012 సెప్టెంబరు 11న అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 250 మందికి పైగా కార్మికులు మాడిపోయారు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే కార్మిక పరిస్థితులు సంతృప్తికరంగా వున్నాయని అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. కిటికీలకు ఊచలు వున్నాయి. ధ్రువపత్రంలో మాత్రం ఆ ఊచలు లేవు.

ఈ మూడు సందర్భాల్లోనూ తప్పు ఏ ఒక్కరి అబద్ధంతోనో అయిపోయేది కాదు. ప్రశ్నకు జవాబు చెప్పేవాడూ, సాక్ష్యం చూపించేవాడూ, సాక్షికి జీతమిచ్చేవాడూ ఒకడే అయినప్పుడు, నిజాయితీపరుడు నింపినా ఆ కాయితం ఏకపక్షమే అవుతుంది.

4

ఇప్పుడు ఆ వచనాన్ని వచనంగా చూద్దాం.

అందులో మొదట కనిపించే మాట 'భాగస్వాములు'. వాటాదారు భాగస్వామి, బ్యాంకు భాగస్వామి, ప్రభుత్వం భాగస్వామి, కాంట్రాక్టు కూలీ భాగస్వామి, కంపెనీ నీళ్ళు వచ్చి కలిసే కాలవ పక్కన పొలం వున్న రైతూ భాగస్వామే. అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నట్టుంటుంది. ఒకరి లాభం మరొకరి నష్టంనుంచి వచ్చే అవకాశమే ఆ మాటలో లేదు. వర్గం అనే భావాన్ని ఎవరూ వాదించి ఖండించలేదు. దాని స్థానంలో మరొక మాట వచ్చి కూర్చుంది, అంతే. భావజాలం పనిచేసే పద్ధతి ఇదే.

రెండోది క్రియల సంగతి. మంచిపనులకు కర్త వుంటాడు: మేము మొక్కలు నాటాము, మేము బడికి బల్లలిచ్చాము. చెడ్డపనులకు కర్త వుండడు: ప్రమాదం సంభవించింది, ప్రాణనష్టం జరిగింది. తెలుగులో 'జరిగింది' అన్న మాట ఎంతమందిని కాపాడిందో లెక్కలేదు. మన పత్రికల్లోనూ బాయిలరు దానంతటదే పేలుతుంది, వాయువు దానంతటదే లీకవుతుంది. వాల్వు మార్చమని అడిగితే వద్దన్నదెవరు, షిఫ్టులో మనుషుల్ని తగ్గించిందెవరు అన్నది ఆ వాక్యంలో పట్టదు.

మూడోది కాలం. నివేదికలకు భవిష్యత్తంటే ప్రీతి. ఫలానా సంవత్సరానికి కర్బనం సున్నా అవుతుంది, ఫలానా నాటికి ప్రమాదాలు సున్నా అవుతాయి. నిన్న చచ్చిపోయినవాడి పేరుకి చోటులేని పుస్తకంలో ముప్ఫయ్యేళ్ళ తరవాతి గాలికి అధ్యాయం వుంటుంది.

మనకు ఈ రచన కొత్తది కాదు. కావ్యాల అవతారికల్లో కృతిభర్త వంశమూ, దానాలూ, విజయాలూ వర్ణించే ప్రశస్తి వుంది. దానశాసనాలున్నాయి. దానమిచ్చిన భూమికి నాలుగు పక్కలా హద్దులు శాసనంలో వివరంగా వుంటాయి. దాత పేరు, తండ్రి పేరు, పుణ్యం ఎవరికి చెందాలో వుంటుంది. ఆ భూమిని దున్నేవాడి పేరు సాధారణంగా వుండదు. చరిత్రకారులు శాసనాన్ని పారెయ్యరు. దాన్ని వేయించిందెవరు, ఎందుకు వేయించారు అన్న ప్రశ్న ముందు వేసుకుని చదువుతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో కట్టిన బస్సు షెల్టరు మీద రాసిన పేరు ఈ కాలపు దానశాసనం. దాన్నీ అలాగే చదవాలి. 2 శాతం ఎక్కడ పెట్టారో రాస్తారు. తక్కిన 98 శాతం ఎలా వచ్చిందన్నది ఆ శాసనానికి సంబంధించిన విషయం కాదు.

ఇలాంటి లెక్కకు ఎదురులెక్క రాసిన రచన మన దగ్గర వుంది. ఉత్తరాంధ్రనుంచే, 1966లో వచ్చింది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ. శ్రీరాములు నాయుడు చెడ్డవాడు కాదు. సుందరపాలెం బాగుకోసం పాటుపడ్డ పెద్దమనిషి. ఇప్పటి పద్ధతిలో ఆ ఊరికి బాధ్యతా నివేదిక రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. కాని అదే ఊళ్ళో అప్పల్రాముడి అప్పు ఎలా పెరిగిందో, ఊరు బాగుపడుతున్న కొద్దీ అతను ఎలా చితికిపోయాడో రచయిత పంచాయతీలో పద్దు పద్దుగా విప్పిస్తాడు. చివరికి సీతారాముడు తన బిడ్డనే చంపుకుంటాడు. ఆ ముగింపు న్యాయమా కాదా అని మనవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ వాదన సంగతి ఎలా వున్నా, ఊరి ప్రగతి లెక్కా, ఒక మనిషి పతనం లెక్కా ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయాలని ఆ కథ నేర్పింది. బాధ్యతా నివేదిక ఈ రెండింటినీ వేరువేరు పుస్తకాల్లో పెడుతుంది, రెండోది అచ్చువెయ్యదు.

5

ఇక గురజాడ పుట్టిన చోటికి వద్దాం. ఎస్. రాయవరానికి పొరుగు మండలం నక్కపల్లి. అక్కడ 2025 జనవరి 8న బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలో పడే గొట్టాల గురించీ, పోయే వేట గురించీ రాజయ్యపేట మత్స్యకారులు ధర్నాలు చేస్తూ వచ్చారు. ఇటు ఎలమంచిలి దాటితే అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలం. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడి బ్రాండిక్స్ ప్రాంగణంలోని ఒక దుస్తుల యూనిట్‌లో విషవాయువు పీల్చి వందలమంది ఆడకూలీలు పడిపోయారు. 2024 ఆగస్టు 21న, మధ్యాహ్నం భోజనాల వేళ, ఎసైన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ అనే మందుల ఫ్యాక్టరీలో ద్రావకం ఆవిరై పేలి 17 మంది చనిపోయారు.

ఎసైన్షియా ప్రైవేటు కంపెనీ. షేర్ మార్కెట్‌లో లేదు. అంటే సెబీ అడిగే బాధ్యతా ఫారం దానికి వర్తించదు. ఆ వెయ్యిలో మొదటి 250 కంపెనీలకు సరుకు అందించేవాళ్ళ వివరాలు కూడా రాబట్టాలని సెబీ ఒక నిబంధన పెట్టింది గాని, 2025లో దాన్ని స్వచ్ఛందం చేసి వదిలేసింది. ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడికి ప్రశ్నపత్రం వెళ్ళదు. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, కంపెనీ కింద కంపెనీ దొంతరగా వున్న చోట, బాధ్యత పైమెట్టు మీద కొలుస్తారు, ప్రాణాలు కిందిమెట్టు మీద పోతాయి.

విశాఖలోనే మరొక ఉదాహరణ చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి లేచి 12 మంది చనిపోయారు. తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి లేదన్న సంగతి ఆ కంపెనీ అంతకు ఏడాది ముందే, విస్తరణకు అనుమతి అడుగుతూ ప్రభుత్వానికిచ్చిన అఫిడవిట్‌లో రాసింది. ఆ ఒప్పుకోలు ఏ తళతళలాడే పుస్తకంలోనూ రాలేదు. అబద్ధం చెబితే చట్టం పట్టుకుంటుందన్న చోట వచ్చింది. అంటే కంపెనీకి నిజం చెప్పటం చేతకాక కాదు. ఎక్కడ చెప్పాలో, ఎక్కడ అక్కర్లేదో దానికి తెలుసు. నిజం కాయితం మీద వున్నా దాన్ని చదివి ఫ్యాక్టరీ ఆపవలసినవాళ్ళు ఆపలేదన్నది వేరే నేరం.

ఇందుకు భిన్నమైన సర్వే ఒకటి తెలంగాణలో జరిగింది. పటాన్‌చెరులో సుమారు తొంభై బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వుంది. స్వీడన్‌కు చెందిన లార్సన్, అతని సహచరులు ఆ కేంద్రంనుంచి 'శుద్ధి' అయి బయటికొచ్చే నీటిని సీసాల్లో పట్టి పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికన్నా ఇది ఎక్కువ. పటాన్‌చెరు రైతులు అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచీ కోర్టుల చుట్టూ తిరుగుతూ చెబుతున్నది ఇదే. ప్రపంచానికి అది వినపడటానికి ఆ సీసా కావలసివచ్చింది. ఆ పరిశోధకులు కంపెనీకి ఫారం పంపలేదు. నీళ్ళను అడిగారు. నీళ్ళకు మార్కులు అక్కర్లేదు.

6

అయితే ఈ సర్వేలన్నీ బూటకమని ఒక్క మాటలో తేల్చెయ్యాలా? మనలో కొందరికి ఆ తొందర వుంది. అది విమర్శ కాదు, విసుగు. విసుగు వల్ల కంపెనీలకు నష్టం లేదు.

సెబీ ఫారంలో పనికొచ్చే గళ్ళున్నాయి. శాశ్వత కార్మికులెందరు, కానివాళ్ళెందరు? మగవాళ్ళ మధ్యస్థ జీతమెంత, ఆడవాళ్ళదెంత? ఏడాదిలో పనిలో ఎందరు చనిపోయారు? కార్మికుల ఫిర్యాదులెన్ని, తేలనివెన్ని? ఇవి అంకెలు. రాసి సంతకం పెట్టాక వాటిని వెనక్కి తీసుకోలేరు. యూనియన్ కార్యకర్త ఆ అంకెను ఆస్పత్రి రిజిస్టరు పక్కన పెట్టి చూడవచ్చు. ఒక ఏడాది అంకెను మరో ఏడాదితో పోల్చవచ్చు. ప్రశస్తిగా రాసిన కాయితాన్ని వాఙ్మూలంగా చదవటం మన చేతిలో వుంది. కంపెనీ ఎందుకు రాసిందో మనకు తెలిసినంతమాత్రాన అది రాసింది పనికిరాకుండా పోదు.

గురజాడ చేసింది కూడా ఇదే. ఆ జాబితా వేయించింది మహారాజు. అందులో సంస్థానాధీశుడి సంస్కార కీర్తి కూడా కలిసివుంది. నాటకం ఆ మహారాజుకే అంకితం. అయినా గురజాడ ఆ అంకెల దగ్గర ఆగలేదు. జాబితాలో దొరకనిదాని కోసం నాటకం రాశాడు.

ఆ నాటకంలో మన ప్రశ్నకు సంబంధించిన ముగ్గురున్నారు. గిరీశం సంస్కరణ భాష క్షుణ్ణంగా నేర్చినవాడు. వితంతు వివాహం, వేశ్యా వ్యతిరేకత, స్త్రీవిద్య, ఏ సభలో ఏ మాట చెల్లుతుందో అతనికి తెలుసు. సంస్కరణకు గిరాకీ వున్న కాలంలో అతను సంస్కర్త. ఇప్పటి ఏ ప్రశ్నపత్రమిచ్చినా అతను మొదటి శ్రేణిలో నెగ్గుతాడు. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడు, ఉత్తముడు. కాని ఆయనకు గిరీశం గురించి తెలిసిందంతా గిరీశం చెప్పిందే. ఉత్తముడైన సర్వేదారు ఇలాగే మోసపోతాడు. లోపం ఆయన గుణంలో లేదు, ఆయన ఎవర్ని అడిగాడన్న దాంట్లో వుంది. గిరీశం సంగతి బయటపెట్టింది మధురవాణి. ఆమె వేశ్య. ఆమెను సాక్షిగా పిలవాలన్న ఆలోచన పంతులుగారికి కలలోనైనా రాదు. ఆమె తనంతట తానే, అదీ మగవేషంలో, ఆ ఇంట్లో అడుగుపెట్టవలసివచ్చింది. 1909 కూర్పులో గురజాడ ఈ ఘట్టాన్ని నాటకానికి ముగింపుగా నిలపటం ఊరికే జరగలేదు. నిజం ఎవరి దగ్గర వుంటుందో, వాళ్ళు దాన్ని చెప్పటానికి ఎన్ని గడపలు దాటాలో ఆయనకు తెలుసు.

బాధ్యతా సర్వేలన్నీ సౌజన్యారావు పంతులు గిరీశాన్ని అడగటంలాంటివి. పంతుళ్ళు మారినా, ప్రశ్నలు పెరిగినా ఫలితం పెద్దగా మారదు. మధురవాణిని అడిగినప్పుడే మారుతుంది. అచ్యుతాపురంలో వాయువు పీల్చి పడిపోయిన అమ్మాయి, రాజయ్యపేట తీరంలో వల లాగేవాడు, పటాన్‌చెరు చెరువుకింది రైతు, వీళ్ళు ఏ ఫారంలోనూ జవాబు చెప్పేవాళ్ళుగా లేరు. అందరూ 'భాగస్వాములు'గా మాత్రం వున్నారు.

ఇది రచయితలు చెయ్యగల పని. ఉత్తరాంధ్ర కథకులు చాలామంది ఆ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. సాహిత్య విద్యార్థులు పరిశోధనకు విషయాలు వెతుక్కుంటున్నారు. ఒక కంపెనీ నివేదిక తీసుకుని, దానిలోని ప్రతి ప్రశ్నా ఆ గేటు దగ్గర షిఫ్టు దిగిన మనిషిని అడిగి, రెండు జవాబులూ పక్కపక్కన రాస్తే అది మంచి విమర్శే అవుతుంది, మంచి కథకు ముడిసరుకూ అవుతుంది. అలా అడిగినప్పుడు జవాబు సులభంగా రాదు. ఉద్యోగం పోతుందన్న భయముంది, కాంట్రాక్టరు భయముంది. గురజాడ జాబితాలో మాదిరిగానే చాలామంది చెప్పకుండా వుండిపోతారు. కాని చెప్పినవాళ్ళు లాభంకోసం చెప్పరు. ఆ కాస్త మాటల మీద ఆధారపడవచ్చు. చెప్పనివాళ్ళ మౌనాన్ని కూడా, ఇది సమగ్రం కాదని గురజాడ నిజాయితీగా రాసినట్టే, ఆ లెక్కలో ఒక పద్దుగా రాసుకోవాలి.